ఒకే ఖాతా, ఎన్నో టోల్ రోడ్లు: కనెక్టెడ్ వాహనాల టోల్ వ్యవస్థను ప్లాన్ చేయడం ఎలా?

"ఏ రేడియో కొనాలి?" టోల్ ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి ఇక్కడికే వస్తాయి. అద్దం మీద అంటించే (ఫాస్టాగ్ లాంటి) ఆర్ఎఫ్ఐడీ స్టిక్కరా, 5.8 గిగాహెర్ట్జ్ యూనిటా, శాటిలైట్ ఆధారిత పరికరమా, లేక వాహనంలోనే బిగించి వచ్చి, పక్క బళ్లతోనూ రోడ్డు పక్క యంత్రాలతోనూ మాట్లాడే వీ2ఎక్స్ రేడియోనా? అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే దాని వంతు ఐదో ఆరో స్థానంలో వస్తుంది. ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. ఇంకో సంస్థ దగ్గర ఖాతా ఉన్న వాహనం మీ రోడ్డు మీద వెళ్లిపోయింది. ఆ డబ్బు మీకు ఎవరిస్తారు? ఎప్పుడిస్తారు? రాకపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది?

ఇది తేల్చకుండా మొదలుపెడితే ఏమవుతుందో చూడటానికి ఉదాహరణలకు కొదవ లేదు. అమెరికా 2012లో ఎంఏపీ-21 చట్టం చేస్తూ, ఫెడరల్ సాయం అందే రహదారుల మీది ఎలక్ట్రానిక్ టోల్ వ్యవస్థలన్నీ నాలుగేళ్లలో ఒకదానితో ఒకటి కలవాలని రాసుకుంది. గడువు దాటింది, పని మిగిలింది. యూరప్ 2004లోనే ఒకే ఒప్పందం, ఒకే పరికరం అనే లక్ష్యం పెట్టుకుని, చివరికి 2019లో ఆ డైరెక్టివ్‌నే (సభ్యదేశాలకు ఇచ్చిన ఆదేశాన్నే) తిరగరాసుకుంది. పనిచేసే ట్యాగులు రెండు చోట్లా అప్పటికే రోడ్ల మీద ఉన్నాయి. బండి ఆగింది చాలావరకు ఒప్పందాల దగ్గర, లెక్కల దగ్గర, ఎవరి పాత పెట్టుబడిని ఎవరు వదులుకోవాలన్న బేరం దగ్గర.

అందుకే కింద చెప్పిన వరుసలో డబ్బు ముందు, రేడియో తర్వాత వస్తాయి. మీరు రోడ్డు సంస్థ తరఫున ఉన్నా, ఖాతాలు ఇచ్చే సంస్థలో ఉన్నా, వాహన కంపెనీలో చెల్లింపుల పని చూస్తున్నా ఇదే వరుస పనికొస్తుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఇప్పుడు మీ దగ్గరా, కలవబోయే ప్రతి సంస్థ దగ్గరా ఉన్న రీడర్లు, కెమెరాలు, ప్రోటోకాల్స్ జాబితా. పక్కనే వాటి కాంట్రాక్టులు ఎప్పుడు ముగుస్తాయో ఆ తేదీలు. ఆ తేదీలు లేకపోతే జాబితాకు విలువ లేదు.
- అందరి టారిఫ్ నియమాలు, వాహన తరగతుల నిర్వచనాలు రాతపూర్వకంగా.
- కనీసం ఒక ఏడాది లావాదేవీల డేటా. సాఫీగా పోయినవి మాత్రమే చాలవు. చదవలేకపోయినవి, తిరిగి ఇచ్చినవి, ఫిర్యాదు వచ్చినవి ముఖ్యం.
- డబ్బు కట్టని వాహనం మీద చర్య తీసుకునే అధికారం ఎవరికి ఉందో, వేరే ప్రాంతంలో రిజిస్టరైన బండి యజమాని వివరాలు ఏ చట్టం కింద దొరుకుతాయో చెప్పే న్యాయ సలహా.
- ప్రమాణాల ప్రతులు: పాత్రలకూ మొత్తం నిర్మాణానికీ ఐఎస్ఓ 17573, బ్యాక్ ఆఫీసుల మధ్య సమాచార మార్పిడికి ఐఎస్ఓ 12855, 5.8 గిగాహెర్ట్జ్ వాడితే ఈఎన్ 15509, వీ2ఎక్స్ ద్వారా వసూలుకు ఎస్ఏఈ జే3217.
- ఒక లేన్ ఇంజినీరు, ఒక లాయరు, ఒక సెక్యూరిటీ మనిషి, రోజూ సెటిల్‌మెంట్ లెక్కలు చూసే అకౌంట్స్ మనిషి. చివరి మనిషిని మొదటి మీటింగ్ నుంచే కూర్చోబెట్టండి. చాలాచోట్ల ఆయన్ని పిలిచేసరికి టెండర్ కూడా అయిపోయి ఉంటుంది.

1. పాత్రలు విడదీయండి

ఐఎస్ఓ 17573 ప్రకారం పాత్రలు నాలుగు: రోడ్డు వాడుకునేవారు, టోల్ వసూలు చేసేవారు, ఖాతా ఇచ్చి సేవ అందించేవారు, అందరికీ నియమాలు నిర్వహించేవారు. మీ ప్రాజెక్టులో ఒక్కో పాత్ర పక్కన ఒక సంస్థ పేరు రాయండి. ఒకే సంస్థకు రెండు పాత్రలు ఉండొచ్చు, తప్పు లేదు. కానీ లెక్కల పుస్తకాలు మాత్రం విడిగా ఉండాలి. తానే రోడ్డు నడుపుతూ తానే ఖాతాలిచ్చే సంస్థ, సొంత ఖాతాదారుల విషయంలో నియమాలు సడలించడం మామూలుగా జరిగేదే. రేపు బయటి సంస్థ కలిసినప్పుడు మొదటి గొడవ అక్కడే మొదలవుతుంది.

కనెక్టెడ్ వాహనాలతో, అంటే నెట్‌వర్క్‌తోనో రోడ్డు పక్క యంత్రాలతోనో తామే మాట్లాడే బళ్లతో, ఐదో మనిషి వస్తాడు: వాహన తయారీదారు. పరికరం ఆయనది, తెర ఆయనది, అప్‌డేట్ పంపేది ఆయనే. టోల్ ఎక్కువ కట్ అయిందని డ్రైవర్ ఫోన్ చేస్తే అది ఎవరికి వెళ్లాలి? ఖాతా ఇచ్చిన సంస్థకు మాత్రమే అని ఒప్పందంలో రాయండి. ముగ్గురూ ఫోన్ ఎత్తే ఏర్పాటులో ఎవరూ జవాబు చెప్పరు.

ఇక కలిసే పద్ధతి. ఎవరికి వారు విడివిడిగా ఒప్పందాలు చేసుకోవచ్చు, లేదా మధ్యలో ఒక క్లియరింగ్ హబ్ (అందరి లెక్కలూ తేల్చే కేంద్రం) పెట్టుకోవచ్చు. సంస్థలు 12 ఉంటే విడివిడి బంధాలు 66, హబ్ ఉంటే 12. యూరప్ పద్ధతిలో ఖాతా సంస్థ ఒక్కో రోడ్డు సంస్థతో ఒప్పందం చేసుకుంటుంది. ఫాస్టాగ్ నడిచేది హబ్ పద్ధతిలో: ట్యాగ్ ఇచ్చిన బ్యాంకుకూ టోల్ ప్లాజా తరఫు బ్యాంకుకూ మధ్య ఎన్‌పీసీఐ (దేశంలో డిజిటల్ చెల్లింపులు నడిపే సంస్థ) స్విచ్ ఉంటుంది. ముగ్గురు నలుగురు ఉన్నప్పుడు విడి ఒప్పందాలు తేలిక. ఐదో సంస్థ వస్తుందని ఏ మాత్రం అనుమానం ఉన్నా హబ్ వైపు మొగ్గండి.

2. ఒక్క వాహనాన్ని చివరిదాకా కాగితం మీద నడిపించండి

సాఫ్ట్‌వేర్ బొమ్మలు గీయకముందే చేయాల్సిన పని ఇది. ఖర్చు లేదు, సగం సమస్యలు ఇక్కడే బయటపడతాయి.

ఒక బండి రాత్రి 11:59:58కి గ్యాంట్రీ (రోడ్డుకు అడ్డంగా పైన రీడర్లు, కెమెరాలు బిగించిన చట్రం) కిందకి వచ్చింది. అర్ధరాత్రి నుంచి కొత్త రేటు. దాని ఖాతాను ఖాతా సంస్థ 11:50కి నిలిపేసింది, కానీ ఆ సంగతి చెప్పే బ్లాక్‌లిస్ట్ (చెల్లని ఖాతాల జాబితా) మీ గ్యాంట్రీకి చేరింది 12:05కి. ఇప్పుడు ఏ రేటు? లావాదేవీ చెల్లుతుందా? చెల్లకపోతే నష్టం ఎవరిది? మీటింగ్‌లో ఇది అడిగి చూడండి, ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. ఒకే జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలొద్దు. నా ఓటు దీనికి: రేటు గ్యాంట్రీ దాటిన సమయాన్ని బట్టి, బ్లాక్‌లిస్ట్ పంపాక ముందే ఒప్పుకున్న వ్యవధి గడిచేదాకా బాధ్యత ఖాతా సంస్థది, వ్యవధి గడిచాక కూడా పాత జాబితానే వాడుతుంటే బాధ్యత రోడ్డు సంస్థది.

తర్వాత కష్టమైన బళ్లను నడిపించండి.

రెండు పరికరాలున్న కారు: ఈ మధ్య టోల్ పరికరం కారులో వెనక చూసే అద్దంలోనే ఇమిడి వస్తోంది. ఆడి 2018లోనే అలాంటిది ప్రకటించింది. యజమాని పాత స్టిక్కర్ పీకేయకపోతే రీడర్ ఒకే కారును రెండుసార్లు చదువుతుంది.

అమ్మేసిన కారు: స్టిక్కర్ అయితే కనీసం చింపేస్తారు. కారులో కలిసిపోయిన పరికరం కొత్త యజమానితో పాటే పోతుంది, ఖాతా మాత్రం పాతాయన పేరు మీదే ఉంటుంది. యాజమాన్యం మారినప్పుడు ఖాతా తెగిపోయే దారి ముందే ఉండాలి. అద్దె కార్లకూ ఇదే చిక్కు, అక్కడైతే రోజుకో డ్రైవర్.

కార్లను మోసుకెళ్లే ట్రైలర్: దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చోండి. పైన ఎనిమిది కార్లుంటాయి. వాటి వీ2ఎక్స్ రేడియోలు ఇంజిన్ ఆఫ్‌లో ఉంటే సాధారణంగా నిద్రపోతాయి. కానీ స్టిక్కర్ ట్యాగుకు బ్యాటరీ అక్కర్లేదు. రీడర్ పంపే తరంగాల శక్తితోనే జవాబు చెబుతుంది. రోడ్డు మీద వెళ్లింది ఒక్క లారీ, రీడర్‌కు దొరికినవి తొమ్మిది ట్యాగులు. ఇక్కడ నియమం స్పష్టంగా ఉండాలి: ఎన్ని వాహనాలు దాటాయో చెప్పేది సెన్సర్, ఎవరు కట్టాలో చెప్పేది ట్యాగ్. సెన్సర్ ఒకటి అంటే బిల్లు ఒకటే. మిగతా ట్యాగులు పరిశీలన వరుసలోకి వెళ్లాలి, ఖాతాల్లోకి కాదు.

3. డబ్బు నియమాలు రాయండి

పేజీలు ఎక్కువ అక్కర్లేదు, కింది వాటికి జవాబులుంటే చాలు.

చెల్లింపు హామీ: గ్యాంట్రీ దాటిన క్షణంలో ఖాతా చెల్లుబాటులో ఉంటే, తర్వాత డ్రైవర్ కట్టినా కట్టకపోయినా ఖాతా సంస్థ రోడ్డు సంస్థకు ఇచ్చి తీరాలి. ఈ ఒక్క వాక్యం లేని ఒప్పందం మీద సంతకం పెట్టకండి. వేరే ఊరి ట్యాగును నమ్మి గేటు ఎత్తడానికి రోడ్డు సంస్థకు ధైర్యం ఇచ్చేది ఇదే.

గడువు: దాటిన తర్వాత ఎన్ని రోజుల లోపు క్లెయిమ్ పంపాలి? నెట్‌వర్క్ పడిపోయి రెండు వారాల తర్వాత వచ్చిన లావాదేవీ చెల్లుతుందా? ఒక అంకె రాసుకోండి. ఆలస్యంగా వచ్చిన బిల్లు కంటే డ్రైవర్‌కు కోపం తెప్పించేది ఇంకోటి లేదు.

సవరణ: తప్పు పడిన లావాదేవీని తుడిచేయకూడదు, మార్చకూడదు. దాన్ని రద్దు చేసే కొత్త లావాదేవీ వేసి, పాతదాని నంబరు అందులో రాయాలి. అకౌంట్స్ మనిషికి ఇది చెప్పక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు మాత్రం రెండుసార్లు చెప్పాలి.

కమిషన్: ఎవరు ఎవరికి, లావాదేవీకి ఇంతనా, శాతమా? చిన్న టోల్ మొత్తాల మీద స్థిర రుసుము పెడితే కమిషనే టోల్‌ను తినేస్తుంది. అలాంటి రోడ్లకు శాతం మేలు.

ప్రీపెయిడ్, పోస్ట్‌పెయిడ్ రెండూ ఉంటే హామీ లెక్క మారుతుంది. తేల్చుకోలేకపోతే పైలట్ దశలో ప్రీపెయిడ్ ఖాతాలతోనే మొదలుపెట్టండి. రిస్క్ తక్కువ, నేర్చుకునేది అంతే ఉంటుంది.

కార్డు వివరాలు లేన్ పరికరాల దగ్గరికి రానివ్వకండి. రోడ్డు పక్కన తిరగాల్సింది ఖాతా టోకెన్ (కార్డు నంబరుకు బదులు వాడే గుర్తు) మాత్రమే. అసలు కార్డు నంబరు లేన్ కంట్రోలర్ దాకా వస్తే, ఆ కంట్రోలర్ ఉన్న ప్రతి డబ్బా కార్డు భద్రతా ఆడిట్ కిందకి వస్తుంది.

4. వాహన తరగతులు: తేలిగ్గా కనిపించే పెద్ద గొయ్యి

ఒక సంస్థ ఇరుసులు లెక్కబెడుతుంది. ఇంకోటి బరువు చూస్తుంది. మూడోది ఎత్తు, నాలుగోది ఉద్గారాల తరగతి. ఇవన్నీ కలిపి "ఉమ్మడి తరగతి పట్టిక" తయారుచేద్దామని ఎవరో ఒకరు అంటారు. ఆ దారి పట్టకండి, ఏళ్లు గడిచిపోతాయి. ఎందుకంటే తరగతి మారితే ఆదాయం మారుతుంది, ఆదాయం మారేచోట ఎవరూ సంతకం పెట్టరు.

పరికరంలో తరగతి దాచకండి, లక్షణాలు దాచండి: ఇరుసుల సంఖ్య, గరిష్ఠ బరువు, ట్రైలర్ ఉందా లేదా, ఇంధనం రకం. ఆ లక్షణాలను తన తరగతిగా మార్చుకునే పని ప్రతి రోడ్డు సంస్థా తన దగ్గర చేసుకుంటుంది. ఈఎన్ 15509 వాహన లక్షణాలను పరికరంలోనే ఉంచేది అందుకే. ట్రైలర్ లాంటి మారే లక్షణాన్ని కనెక్టెడ్ వాహనం తానే గుర్తించి చెప్పగలగడం నిజంగా లాభమే. అయినా రోడ్డు పక్క సెన్సర్‌తో పోల్చకుండా నమ్మకండి. ట్రైలర్ వైరు ప్లగ్ ఊడిందంటే బండి దృష్టిలో ట్రైలర్ లేనట్టే.

5. డేటా మార్పిడి

మూడు సంగతులు సరిగా ఉంటే మిగతావి సర్దుకుంటాయి.

మొదటిది, ప్రతి లావాదేవీకి ప్రపంచంలో ఇంకెక్కడా రాని నంబరు. రోడ్డు సంస్థ కోడ్, గ్యాంట్రీ కోడ్, సమయం, వరుస సంఖ్య కలిపితే సరిపోతుంది. అదే ఫైలు పొరపాటున రెండుసార్లు వచ్చినా బిల్లు ఒక్కసారే పడాలి. సరిచూసుకోవడం తేలిక: నిన్నటి ఫైలును ఇవాళ మళ్లీ పంపండి. ఖాతాల్లో ఒక్క పైసా కదలకూడదు.

రెండోది గడియారం. అన్ని యంత్రాలూ యూటీసీలోనే (ప్రపంచమంతటా ఒకటే అయిన సమయంలో) రాయాలి, స్థానిక సమయం తెర మీద చూపించడానికే. ఒక గ్యాంట్రీ గడియారం రెండు నిమిషాలు ముందుంటే, బండి బయటికి వచ్చాక లోపలికి వెళ్లినట్టు రికార్డవుతుంది. దూరాన్ని బట్టి వసూలు చేసే రోడ్ల మీద అప్పుడు బిల్లు అర్థం లేకుండా తయారవుతుంది. తేడా ఎంత దాటితే అలారం మోగాలో ముందే రాసుకోండి.

మూడోది ఖాతాల జాబితాలు. చెల్లే ఖాతాల జాబితా పంపుకుంటారా, చెల్లనివాటిదా? లక్షల్లో ఖాతాలున్నప్పుడు మొత్తం జాబితాను గంటకోసారి పంపడం దండగ. రోజుకోసారి పూర్తి జాబితా, మధ్యలో కొద్ది నిమిషాలకోసారి మార్పులు మాత్రం పంపే పద్ధతి చాలాచోట్ల సరిపోతుంది. ఒక హెచ్చరిక: మధ్యలో ఒక మార్పుల ఫైలు పోతే ఆ తర్వాతివన్నీ తప్పు పునాది మీద నిలబడతాయి. ప్రతి ఫైలుకూ వరుస సంఖ్య పెట్టి, ఖాళీ కనిపించగానే పూర్తి జాబితా తెప్పించుకునేలా రాయించండి. డబ్బు కట్టి ఖాతా బాగుచేసుకున్న మనిషి గంట తర్వాత కూడా గేటు దగ్గర ఆగిపోయాడంటే, కారణం చాలాసార్లు ఇదే.

6. ఇప్పుడు రేడియో

ఇక్కడ త్వరగా వెళ్దాం, ఎందుకంటే దీని మీద అమ్మేవాళ్లు మీకు కావాల్సినంత చెబుతారు.

- స్టిక్కర్ ఆర్ఎఫ్ఐడీ, ఐఎస్ఓ 18000-63: చౌక, బ్యాటరీ లేదు. లోహపు పూత ఉన్న అద్దాల మీద సరిగా చదవదు.
- 5.8 గిగాహెర్ట్జ్ డీఎస్ఆర్‌సీ (తక్కువ దూరపు రేడియో): యూరప్‌లో పాతుకుపోయింది, వేగంలో నమ్మకంగా చదువుతుంది. జపాన్ ఈటీసీదీ 5.8 గిగాహెర్ట్జే, కానీ అక్కడి పద్ధతి వేరు. ఫ్రీక్వెన్సీ ఒకటైనంత మాత్రాన రెండూ మాట్లాడుకోవు.
- శాటిలైట్, మొబైల్ నెట్‌వర్క్ కలిపి: జర్మనీ 2005 నుంచి లారీలకు వాడుతోంది. రోడ్డు పొడవునా గ్యాంట్రీలు అక్కర్లేదు, కానీ మోసం పట్టుకోవడానికి కొన్ని చెక్ పాయింట్లు తప్పవు.
- కెమెరా, నంబర్ ప్లేట్: ఏది ఎంచుకున్నా ఇది వెనక ఉండాల్సిందే. టొరంటోలో 1997లో తెరిచిన 407 రహదారి మీద మొదటి నుంచీ ట్యాగులూ కెమెరాలూ కలిసే పనిచేస్తున్నాయి, గేట్లు లేవు.
- వీ2ఎక్స్: కింద విడిగా చెబుతాను.

మీ రోడ్డు మీద ఇప్పటికే తిరిగే బళ్లలో ఎక్కువ వాటికి ఏముందో చూసి అది చదవండి. దాంతో పాటు రాబోయేది కూడా చదవగల మల్టీ ప్రోటోకాల్ రీడర్ కొనండి. కాలిఫోర్నియా 2019లో కొత్త స్టిక్కర్ ప్రోటోకాల్‌కు మారడం మొదలుపెట్టినప్పుడు పాత ట్యాగులు వెంటనే చెల్లకుండా పోలేదు, కొన్నేళ్లపాటు రెండూ నడిచాయి.

7. వీ2ఎక్స్ వాహనాలను కలపడం

ఎస్ఏఈ జే3217లో పద్ధతి సూటిగానే ఉంటుంది. రోడ్డు పక్క యూనిట్ తన టోల్ వివరాలను ప్రకటన సందేశంగా పంపుతూ ఉంటుంది. ఆ సందేశంలోని మ్యాప్‌తో బండి తానెక్కడుందో పోల్చుకుని, టోల్ పరిధిలోకి రాగానే వాడుక సందేశం పంపుతుంది. యూనిట్ రసీదు పంపుతుంది.

సమయం లెక్క వేయండి. గంటకు 120 కిలోమీటర్ల వేగంతో బండి సెకనుకు 33 మీటర్లు పోతుంది. మీ యూనిట్ 300 మీటర్ల ముందు నుంచి వినబడుతుందంటే చేతిలో ఉన్నది తొమ్మిది సెకన్లు. ప్రకటన సెకనుకోసారి వస్తే తొమ్మిది అవకాశాలు. ముందు లారీ అడ్డొచ్చి సగం పోయినా నాలుగు మిగులుతాయి, ఫర్వాలేదు. అదే స్టిక్కర్ చదివే పరిధి పది మీటర్లే అయితే దొరికేది సెకనులో మూడో వంతు. ఈ విషయంలో వీ2ఎక్స్‌ది పైచేయి.

లేన్ దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడుతుంది. లేన్ వెడల్పు మూడున్నర మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, మామూలు శాటిలైట్ పొజిషన్‌లో తేడాయే కొన్ని మీటర్లు. రోడ్డు మొత్తానికి ఒకే టోల్ అయితే చింత లేదు. పక్కపక్కనే ఉచిత లేన్, టోల్ ఉన్న ఎక్స్‌ప్రెస్ లేన్ ఉంటే మాత్రం బండి చెప్పిన పొజిషన్ ఒక్కదాన్నే నమ్మి బిల్లు వేయకండి. ఎక్స్‌ప్రెస్ లేన్ గోడతో విడిపోయిన చోట చదివే పాయింట్ పెట్టండి, లేదా కెమెరాతో జత చేయండి. రెండూ కుదరకపోతే వరుసగా రెండు మూడు పాయింట్లలో కనిపిస్తేనే బిల్లు వేయండి.

ఫ్రీక్వెన్సీ విషయం ముందే అడిగి తెలుసుకోండి. అమెరికా 2020లో 5.9 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 45 మెగాహెర్ట్జ్‌ను వైఫై లాంటి వాడకాలకు ఇచ్చేసి, రవాణాకు పైనున్న 30 మెగాహెర్ట్జ్ మాత్రమే ఉంచింది, అదీ సీ-వీ2ఎక్స్ (మొబైల్ టెక్నాలజీతో నడిచే వీ2ఎక్స్) కోసం. అంతకుముందు ఈ బ్యాండ్‌లో నడిచే డీఎస్ఆర్‌సీ యూనిట్లు (పైన చెప్పిన 5.8 రకం కాదు) కొన్న సంస్థల చేతిలో మిగిలింది పాత సామాను. రోడ్డు పక్క యూనిట్‌లో రేడియో భాగం విడిగా మార్చుకునేలా ఉందా అని టెండర్‌లో అడగండి.

ఇంకో చిక్కు వ్యక్తిగత గోప్యతది. భద్రత కోసం బండి నిరంతరం పంపే సందేశాల్లో దాని అసలు గుర్తింపు ఉండదు. ఎవరూ వెంటాడకుండా తాత్కాలిక సర్టిఫికెట్లను (డిజిటల్ గుర్తింపు పత్రాలను) మారుస్తూ ఉంటుంది. టోల్‌కు మాత్రం ఎవరు కడుతున్నారో తెలియాలి. పేరు చెప్పకూడని బండితో డబ్బు కోసం పేరు చెప్పించాలి. అందుకని వాడుక సందేశంలోని ఖాతా వివరాలు వసూలు సంస్థ మాత్రమే విప్పగలిగేలా ఎన్‌క్రిప్ట్ అయి ఉండాలి, భద్రతా సందేశాలతో వాటికి ముడి ఉండకూడదు. ఇది సరిచూసుకోవాలంటే రోడ్డు పక్కన ఒక వినే పరికరం పెట్టి ఒక రోజు సందేశాలు పోగు చేయించండి. ఫలానా ఖాతా ఫలానా బండిది అని బయటివాడు ఆ పోగులోంచి చెప్పగలిగితే డిజైన్ తప్పు.

8. తాళాలు, చెరిపేయడం

సందేశాలకు తాళం వేసే డిజిటల్ కీలు ప్రత్యేక భద్రతా మాడ్యూళ్లలో ఉండాలి. సర్టిఫికెట్ల గడువు తేదీలు ఒక మనిషి పేరు మీద క్యాలెండర్‌లో ఉండాలి. టెస్ట్ కీలు అసలు వ్యవస్థలోకి రాకుండా చూడండి. ఇది వినడానికి నవ్వులాటగా ఉంటుంది కానీ హడావిడిగా ప్రారంభించే చోట్ల చూడాల్సిన మొదటి సంగతి ఇదే. ప్రయాణ వివరాలు వివాద గడువు దాటాక చెరిపేయండి. "ఎప్పుడైనా పనికొస్తాయి" అని దాచుకున్న డేటా ఏదో ఒక రోజు లీకై వార్తల్లోకి వస్తుంది.

9. పరీక్షించండి, అంకెలను అనుమానించండి

99.9 శాతం కచ్చితత్వం అని బ్రోషర్‌లో ఉంటుంది. రోజుకు లక్ష లావాదేవీలుంటే దాని అర్థం రోజుకు 100 తప్పులు, ఏడాదికి 36,500. అందులో సగం ఫోన్ కాల్స్ అయితే ఎత్తడానికి మీ దగ్గర ఎంతమంది ఉన్నారు? అందుకే శాతం అడగకండి, రోజుకు ఎన్ని తప్పులు అని అడగండి. చదవకపోవడం, తప్పుగా చదవడం వేర్వేరుగా చెప్పమనండి. చదవకపోతే మీకు డబ్బు పోతుంది. తప్పుగా చదివితే సంబంధం లేని మనిషి ఖాతాలోంచి పోతుంది. రెండోది చాలా ప్రమాదం.

పరీక్ష మూడు దశల్లో చేయండి. ముందు ల్యాబ్‌లో ప్రతి సంస్థ పరికరం ప్రతి సంస్థ రీడర్‌తో. తర్వాత మూసేసిన ట్రాక్ మీద వేగం, వాన, పక్కపక్కనే బళ్లు, లేన్ గీత మీద నడిచే బైకుతో. చివరగా అసలు రోడ్డు మీద, అసలు డబ్బుతో, తెలిసిన డ్రైవర్లతో. మూడో దశలో డ్రైవర్ తన ప్రయాణాలను చేత్తో రాసుకోవాలి. నెలాఖరు బిల్లును ఆ కాగితంతో పోల్చినప్పుడే మొత్తం గొలుసు పరీక్షించినట్టు. రీడర్ పచ్చ లైటు చూపించిందని సంబరపడేవాళ్లు చాలామంది, బిల్లు దాకా వెళ్లి చూసేవాళ్లు తక్కువ.

తప్పుడు కేసులు కూడా నడపండి: గడువు తీరిన సర్టిఫికెట్, నెట్‌వర్క్ ఆరు గంటలు లేకపోవడం, వరుస సంఖ్యలో ఖాళీ, రెండు ట్యాగుల కారు, పైన చెప్పిన ట్రైలర్.

10. మారేటప్పుడు

ఒకేరోజు అందరూ మారే ప్లాన్ పెట్టకండి. ఒక రోడ్డు, ఒక ఖాతా సంస్థతో మొదలుపెట్టి, లెక్కలు వరుసగా ఒక నెల సరిపోయాకే రెండో సంస్థను కలపండి. సందేశాల కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాతదీ కొత్తదీ కొంతకాలం కలిసి నడవాలి. పాతది ఏ రోజు ఆగుతుందో మొదటి రోజే ప్రకటించాలి. కార్లు పదిహేనేళ్లు రోడ్ల మీద ఉంటాయి, మీ సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు అంతకాలం ఉండదు. అప్‌డేట్లు ఆగిపోయిన పాత కారు ఎలా కట్టాలి అన్నదానికి జవాబు నంబర్ ప్లేటే అయినా సరే, అది రాసి ఉండాలి.

తరచూ జరిగే పొరపాట్లు

ప్రోటోకాల్ ఒకటైతే కలిసిపోయినట్టే అనుకోవడం అన్నిటికంటే పెద్దది. రీడర్ ట్యాగును చదవగలిగినంత మాత్రాన డబ్బు చేతులు మారదు.

సొంత ఖాతాదారులకు డిస్కౌంట్ ఇచ్చి బయటివాళ్లకు ఇవ్వకపోవడం ఇంకోటి. చట్టం ఒప్పుకున్నా, జనం రెండు ట్యాగులు అంటించుకోవడం మొదలుపెడతారు. ఒకే కారును రెండుసార్లు చదివే సమస్యను మీరే కొని తెచ్చుకున్నట్టు.

వివాదాల విభాగాన్ని చివరికి వదిలేయడం కూడా ఉంది. ప్రారంభమైన మొదటి నెలలో అందరికంటే ఎక్కువ పని వాళ్లకే.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

రోజూ నాలుగు అంకెలు ఒకే కాగితం మీద రాయించండి: సెన్సర్ లెక్కలో దాటిన వాహనాలు, లావాదేవీలుగా మారినవి, ఖాతా సంస్థలు ఒప్పుకున్నవి, డబ్బు వచ్చినవి. ప్రతి రెండు అంకెల మధ్య తేడాకు కారణం పేరుతో సహా ఉండాలి: మినహాయింపు వాహనం, చదవని ప్లేటు, తిరస్కరించిన క్లెయిమ్, ఇంకా గడువు ఉన్న చెల్లింపు. "ఇతరములు" అనే వరుస పెరుగుతోందంటే ఎక్కడో ఏదో చెడిపోయింది, అంకెలు బాగున్నా సరే.

వారానికోసారి ఒక లావాదేవీని కళ్లు మూసుకుని ఎంచుకుని, డ్రైవర్ ఖాతాలో కట్ అయిన మొత్తం నుంచి వెనక్కి గ్యాంట్రీ ఫొటో దాకా వెళ్లండి. అరగంటలో చేరలేకపోతే మీ రికార్డుల్లో ఎక్కడో లింకు తెగింది. ఆ లింకు ఏ రెండు సంస్థల మధ్య తెగిందో రాసిపెట్టి, తర్వాతి నియమాల మీటింగ్ ఎజెండాలో మొదటి అంశంగా పెట్టండి.